సింగపూరుకి వీపు తిప్పి కూర్చునే ఆంటీ

“ఆంటీ పోయిందట” అని మా ఆయన ఫోను పక్కన పెడుతూ అన్నప్పుడు నేను పెనం మీద దోసె తిప్పుతున్నాను. ఏ ఆంటీ అని అడగలేదు. ఈ ఊళ్ళో జుట్టు నెరిసిన ప్రతి ఆడమనిషీ ఆంటీయే, కూరగాయల కొట్లో చీనావిడ దగ్గర్నుంచి లిఫ్టులో కనిపించే మలయా ముసలమ్మ దాకా. అయినా మా టాంపినీసు పేట తెలుగిళ్ళలో ముందూ వెనకా ఏ తోకా లేకుండా ఆంటీ అంటే ఆవిడొక్కతే. కొన్నేళ్ళుగా ఊరి ఇంకో కొసన యీషున్‌లో చిన్నకూతురింట్లో ఉంటోంది. మధ్యాహ్నం అన్నం తిని, కుర్చీలో కూర్చుని, మనవరాలికి ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయిందట. మాట మధ్యలో పోయిందన్నమాట. మంచం పట్టలేదు, ఒకరి చేత చేయించుకోలేదు అని ముందు నా మనసు తేలికపడింది. ఆ తర్వాత దోసె మాడిన వాసన వచ్చింది.

ఆవిడకి ఓ చక్కని పేరుంది. కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు, అందుకని ఇక్కడా రాయను.

మేం కొత్తగా వచ్చినప్పుడు సింగపూరులో కంప్యూటరు ఉద్యోగాలు మంచి జోరు మీదున్నాయి. ఏ విమానం దిగినా అందులో మన కుర్రాళ్ళు కొందరు ఉండాల్సిందే. వాళ్ళ వెనకే పెళ్ళాలు, ఆ వెనకే అమ్మలూ నాన్నలూ అత్తలూ మామలూ. వచ్చినవాళ్ళకి ఊరు చూపించాలి కదా మరి! చేపతోకతో నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ, చిలకల పార్కు, పూలతోట, తీగల మీద వేలాడుతూ వెళ్ళే పెట్టె, సెంటోసా దీవి. ఇవన్నీ చూపించి, ఒక్కొక్కదాని ముందు నిలబెట్టి ఫోటో తీసి పంపకపోతే ఊళ్ళో పరువు దక్కదు. మాకేమో వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు కూడా ఒక్కోసారి ఆఫీసే. ఎన్నోసారని చూస్తాం ఆ సింహాన్ని? దాని మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

అలాంటప్పుడు దేవుడు పంపినట్టు దొరికింది ఆంటీ. వాళ్ళ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆవిడ ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెళ్ళాడింది, ఇక్కడే భర్తని సాగనంపింది. ఇండియా మొహం చూడలేదు. నోరు విప్పితే మాత్రం శ్రీకాకుళమే, మధ్యమధ్య అరవమూ మలయా కలిసి, మాట చివర ఈ ఊరివాళ్ళందరిలాగే ఓ ‘లా’ తగిలించి. మా బ్లాకులోనే మూడో అంతస్తులో ఉండేది. పిల్లలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆదివారం వస్తే ఆవిడకి ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఎవరింటికి చుట్టాలొచ్చారని తెలిసినా “నానూ ఒస్తాను లా” అంటూ తయారయ్యేది. రానురానూ మాకు అదో సదుపాయమైపోయింది. “ఈ ఆదివారం ఆంటీ మీకా? అయితే వచ్చే ఆదివారం మాకివ్వండి, మా మామగారొస్తున్నారు” అని రైల్లో నిలబడి అడిగి పుచ్చుకునేవాళ్ళం, మిక్సీ జారు అడిగినట్టు.

చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, చేతిలో గొడుగు, భుజాన ప్లాస్టిక్ సంచి. సంచిలో ఫ్లాస్కు నిండా కాఫీ, తడి తువ్వాలు, ఉప్పూ కారం రాసిన జామకాయ ముక్కలు. ఎక్కడికెళ్ళినా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కునేది. మలయాలో దాన్ని తందాస్ అంటారు. “ముందల తందాస్, తరవాతే తమాషా” అని పెద్దవాళ్ళందరినీ అటు తోలుకెళ్ళేది. మా నాన్నగారు మహా బిడియస్తులు, ఆడవాళ్ళ ముందు ఆ మాటెత్తడానికే చచ్చిపోతారు. అలాంటి మనిషి కూడా ఆంటీ వెంట బుద్ధిగా వెళ్ళి వచ్చేశారు.

తమాషా మొదలయ్యాక అసలు వింత ఉండేది. అందరూ సింహం వైపు తిరిగి నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, ఆవిడ దానికి వీపు పెట్టి మెట్ల మీద కూర్చునేది. కూర్చుని మా వాళ్ళ మొహాలు చూసేది.

మొదటిసారి నేనుండబట్టలేక, “ఆంటీ, ఇటు తిరగండి, నీళ్ళు ఎలా చిమ్ముతోందో చూడండి” అన్నాను.

“అది రోజూ సిమ్ముతాది, అమ్మీ. ఈలు రోజూ రారు” అంది.

ఇక ప్రశ్నలు. సింగపూరు ఎలా ఉంది, నచ్చిందా అని పొరపాటున కూడా అడిగేది కాదు. “మీ పక్కింట్ల ఎవులున్నారు? ఆలకీ మీకూ మాటలున్నాయా?” అనేది. లేవని తెలిస్తే మొహం వెలిగిపోయేది. ఎందుకు లేవు, ఎవరు ముందు మానేశారు, నడుమ ఎవరెవరు సర్దిచెప్పారు, అన్నీ కావాలి. ఏలూరు నుంచి వచ్చిన ఒకాయన సగం సెంటోసా తిరిగినంతసేపూ ప్రహరీ గోడ తగాదా చెప్పాడు. చుట్టూ ఏముందో ఆయనా చూడలేదు, ఈవిడా చూడలేదు. ఆ తర్వాత ఆయన కొడుకు ఎప్పుడు లిఫ్టులో కనిపించినా, “ఆ గోడ లేపినారా?” అని అడిగేది. పాపం ఆ అబ్బాయి ఆంటీకి చెప్పాలి కాబట్టి ఇంటికి ఫోను చేసినప్పుడల్లా గోడ సంగతి కనుక్కునేవాడు.

చరిత్ర అడిగితే మాత్రం ఏది తోస్తే అది చెప్పేసేది. సింహం కథ ఒక ఆదివారం ఒకలా, ఇంకో ఆదివారం ఇంకోలా. ఒకసారి అది చేపని పెళ్ళాడిన రాజు. ఇంకోసారి కోపంతో సముద్రంలో దూకిన రాణి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక రిటైర్డు ఆఫీసరుగారు గైడు పుస్తకం తిరగేసి, “ఏమమ్మా, ఇందులో అట్ల లేదు గదా” అన్నారు. “పుస్తకంల అలాగే రాస్తారు లా, ఆలకి జాగా సాలదు” అందీవిడ. ఆయన పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. సాయంత్రం దాకా మళ్ళీ తీయలేదు.

ఫోటో తీస్తుంటే ఎవరూ పిలవకపోయినా వచ్చి ఓ చివర నిలబడేది. మొదట్లో మాకు చిరాకే. మా అత్తవారి ఆల్బమ్‌లో, మా పుట్టింటి ఆల్బమ్‌లో, గుంటూరులో, కాకినాడలో, వరంగల్లులో ఎక్కడ సింగపూరు ఫోటోలు తీసినా చివర గొడుగు పట్టుకుని ఆంటీ ఉంటుంది. ఈవిడెవరని చూసినవాళ్ళందరూ అడుగుతారు. నేనూ ఓసారి వేళాకోళంగా అడిగాను, సినిమా తారలా అన్ని ఫోటోల్లోనూ మీరెందుకు ఆంటీ అని.

“నానెల్లలేకపోతిని. నా బొమ్మయినా ఎల్లనీ” అంది.

నిజానికి వెళ్ళలేకపోవడమేమీ లేదు. పెద్దకొడుకు టిక్కెట్టు కొంటానని చాలాసార్లే అన్నాడు. ఆవిడే వద్దంది. అక్కడ ఎవరి గుమ్మం ముందు నిలబడి ఎవరి మనిషినని చెప్పుకోవాలి అని ఆవిడ బాధ. తాతల ఊరి పేరు కూడా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ సంగతి నాకు చాలాకాలం తర్వాత వాళ్ళ చిన్నకూతురు చెప్పింది.

మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పటి సంగతి ఇంక చెప్పాలి.

ఆవిడది కాకినాడ. మనిషి నిండుగా, పద్ధతిగా ఉంటారు. వచ్చిన దగ్గర్నుంచి అడిగినదానికి “ఊఁ”, “చాలమ్మా”, “నీ ఇష్టం” తప్ప ఇంకో మాట లేదు. మా ఆయనా నేనూ పొద్దున్నే పాయా లేబర్ వైపు ఆఫీసులకి పోయి, చీకటి పడ్డాకే వచ్చేవాళ్ళం. ఆవిడ వంట చేసి, టీవీలో అరవ సీరియలు పెట్టుకుని సోఫాలో ఓ మూల కూర్చునేవారు. మా అత్తగారు మితభాషి, నా అదృష్టం కొద్దీ దొరికారు అని నా స్నేహితురాళ్ళ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ ఆదివారం మా ఆయనకి ఆఫీసులో ప్రాజెక్టు పూర్తి చేసే గొడవ. “ఆంటీ ఉందిగా, నువ్వూ అమ్మా సెంటోసా చూసి రండి” అని, చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగి, “అమ్మకి తెలుగు తప్ప ఇంకోటి రాదే, జాగ్రత్త” అన్నారు. అది కూడా నాకు చెప్పాలా అని మూతి ముడుచుకున్నాను.

దీవిలో అద్దాల సొరంగంలో నెత్తి మీంచి చేపలు పోతుంటే చూసి బయటికొచ్చాం. నీళ్ళసీసా కొనడానికి నేను వరసలో నిలబడ్డాను. ఆంటీ తందాస్‌కి వెళ్ళింది. అత్తగారిని నీడలో బెంచీ మీద కూర్చోబెట్టి, “కదలకండి అత్తయ్యా, ఇప్పుడే వచ్చేస్తాను” అన్నాను. ఆవిడ “ఊఁ” అన్నారు.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ.

ముందు నవ్వొచ్చింది, ఆంటీతో పాటు వెళ్ళుంటారులే అని. ఇంతలో ఆంటీ ఒక్కతే చీరకుచ్చిళ్ళు సర్దుకుంటూ రావడం చూశాను. చేపల చోటుకి పరిగెత్తాను. ఐస్‌క్రీం బండి వెనక చూశాను. నీలం చీర, నీలం చీర అని కనబడ్డవాళ్ళందరినీ అడిగాను. యూనిఫారం కుర్రాడెవరో మైకులో ఇంగ్లీషులో చెప్పించాడు. అది విని ఆవిడకేం తెలుస్తుంది, నా మొహం! చేతిలో ఫోను లేదు, మా ఇంటి నంబరు రాదు, మా బ్లాకు పేరు రాదు. ఎదురుగా సముద్రం. ఈత రాని మనిషి నీళ్ళు చూద్దామని దిగి ఉంటే? అత్తగారిని పోగొట్టుకొచ్చిన కోడల్ని మా ఆయన ఏమంటారు, కాకినాడలో ఏమంటారు, అసలు ఆవిడకేమైనా అయితే నేనెలా బతుకుతాను! ఏడుస్తూ ఇసకలోకి పరిగెత్తబోయాను. ఆంటీ గొడుగు వంపుతో నా సంచి పట్టుకుని వెనక్కి లాగింది.

“ఒలమ్మ, అటేల?”

“నీళ్ళల్లోకి వెళ్ళుంటే, ఆంటీ?”

“నిలబడు. ఒక మాట సెప్పు. మీ అత్త ఇంట్ల పగలంతా ఎవులతోటి మాటాడతాది?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ కొంప మునిగిపోతుంటే ఈవిడకి ఇప్పుడు కూడా ఇంటి కబుర్లే కావాలి! “ఎవరితోనూ మాట్లాడరు. ఎవరున్నారు మాట్లాడ్డానికి? ఆవిడ అసలు మాట్లాడే మనిషే కాదు” అని అరిచాను.

“ఒచ్చి ఎన్నాళ్ళయినాది?”

“మూడు వారాలు.”

“మూడు వారాలు మాట లేదా! అయ్యో పావం” అంది ఆంటీ. గుండెల మీద చెయ్యేసుకుంది. “అయితే నీల్ల కాడికెల్దు. మాటల కాడికెల్తాది. నానైతే అలాగే ఎల్దును. రా.”

నన్ను లాక్కుని సముద్రానికి పూర్తిగా ఎదురు దిక్కున నడవడం మొదలుపెట్టింది. అటు పెద్ద పెద్ద టూరిస్టు బస్సులు ఆగే చోటుంది. నేను వెనక్కి వెనక్కి తిరిగి సముద్రం వైపు చూస్తూనే ఉన్నాను. ఆ బూట్లతో ఆవిడ అంత జోరుగా నడవగలదని నాకు అంతవరకూ తెలీదు.

బస్సులు వరసగా ఉన్నాయి. జపాను వాళ్ళవి, కొరియా వాళ్ళవి. చివరి బస్సు ఇంజను స్టార్టు చేసి కదలబోతోంది. మూసుకుంటున్న దాని తలుపులోంచి చింతపండు పులిహోర వాసన! పైకి చూద్దును కదా, రెండో కిటికీ దగ్గర నీలం చీర. ఒళ్ళో ఆకు పొట్లం. మా అత్తగారు ఒక చేత్తో తింటూ, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ, పక్కావిడకీ వెనకావిడకీ ముందు సీటులోంచి మెడ తిప్పి చూస్తున్న ఇద్దరికీ ఒకేసారి ఏదో చెబుతున్నారు. ఆవిడ నోరు అంత పెద్దగా తెరుచుకోవడం నేను పెళ్ళయ్యాక చూడలేదు.

“అత్తయ్యా!” అని కేక పెట్టాను. అద్దాల లోపలికి వినబడలేదు. బస్సు కదిలింది. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆంటీ మాత్రం బస్సుకి ఎదురెళ్ళి, గొడుగు అడ్డంగా పట్టుకుని, చేతులు చాపి నిలబడిపోయింది. డ్రైవరు చీనాలో తిట్టాడు. ఆంటీ మలయాలో తిట్టింది. ఎవరికి ఎవరు అర్థమయ్యారో కానీ బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది.

ప్రాణం లేచొచ్చింది నాకు. అక్కడే కాలిబాట మీద కూలబడ్డాను.

ఆంటీ పైకెక్కింది. అత్తగారిని తీసుకుని దిగుతుందని చూస్తున్నాను. ఎంతసేపటికీ దిగరే! లేచి తొంగి చూస్తే, ఆంటీ కూడా సీటులో సర్దుకుని కూర్చుంది. చేతిలో పులిహోర పొట్లం. “మీదే ఊరు? బొబ్బిలా? బొబ్బిల్లో ఎక్కడ?” అని అడుగుతోంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. టూరు గైడు గడియారం చూపిస్తున్నాడు. బస్సు నిండా తూర్పుగోదావరి, విశాఖ, విజయనగరం జిల్లాల వాళ్ళు. వాళ్ళెవరికీ తొందర లేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మెట్ల మీద నిలబడి నేను బతిమాలుకోవాల్సి వచ్చింది. మొత్తం బస్సంతా కలిసి ఆ ఇద్దర్నీ కిందికి దించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

“ఎక్కడికెళ్ళిపోయారత్తయ్యా? చచ్చిపోయాను తెలుసా!” అని చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

“నేనెక్కడికెళ్ళానే? మీరే కనపళ్ళేదు” అన్నారావిడ. “బెంచీ పక్కనించి ఎవరో తెలుగులో మాట్లాడుకుంటా పోతున్నారు. ఏ ఊరండీ అన్నాను. పిఠాపురం అన్నారు. ఆ చివర కూర్చున్నావిడ మా పెద్దాడపడుచు తోడికోడలికి అక్క కూతురంట! పిన్నిగారూ భోంచేద్దురు రండి అని చెయ్యట్టుకుని లాక్కెళితే రానంటామా? మర్యాదుండొద్దూ?”

“బస్సు కదిలిపోతోంది కదండీ!”

“అవునా? నేను చూళ్ళేదు” అన్నారు. “ఆ పిల్ల సంబంధం గురించి చెబుతోంది, వింటున్నాను.”

ఆంటీ పక్కకి తిరిగి నవ్వింది. నాక్కూడా ఏడుపులోంచే నవ్వొచ్చింది. అంత నిశ్చింతగా ఈ జన్మలో నేనెప్పుడూ నవ్వలేదు.

రైల్లో టాంపినీసు దాకా మా అత్తగారు ఆగలేదు. ఆ పెళ్ళి సంబంధం, దాని వెనక ఉన్న మనస్పర్థ, తన పెళ్ళిలో జరిగిన రగడ, మా మామగారి అలకలు. ఆంటీ ఆవిడ వైపు పూర్తిగా తిరిగి కూర్చుని “అప్పా, తరవాత? అప్పా, తరవాత?” అంటూ సొంత అక్కని అడిగినట్టు ఒక్కొక్కటీ లాగుతోంది. ఒక స్టేషను దాటిపోయి దిగి, మళ్ళీ వెనక్కి రావలసి వచ్చింది. పోనీలే అనుకున్నాను. మనిషి పక్కనే ఉంది కదా.

మా ఆయనకి చెప్పాలా వద్దా అని నేను లోపల లోపల నలిగిపోతున్నాను. రాత్రికి ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని, “ఏం చూశావమ్మా?” అన్నారు.

“నీ పెళ్ళాం నన్ను పోగొట్టేసిందిరా” అన్నారు మా అత్తగారు.

ఆయన నా వైపు తిరిగారు. ఆవిడ కంచంలో పెరుగు వేసుకుంటూ, “చాలా బావుంది. వచ్చే ఆదివారం ఎక్కడ పోగొడతావే?” అని నన్నడిగారు.

నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ మర్నాటి నుంచి మేం ఆఫీసుకి బయల్దేరగానే అత్తగారు తలుపు తాళం వేసుకుని మూడో అంతస్తుకి దిగిపోయేవారు. సాయంత్రం మేం వచ్చాక కూడా ఓ పట్టాన పైకి వచ్చేవారు కాదు. వెళ్ళాల్సిన రోజు దగ్గరపడితే టిక్కెట్టు వెనక్కి జరిపించారు. మితభాషి అని నేను గొప్పలు చెప్పుకున్న మనిషి, ఆంటీ ఇంటి గుమ్మంలో “ఇంకొక్క మాట వదినగారూ” అంటూ అరగంట నిలబడేవారు. అప్పట్నించి ఇంటికొచ్చిన పెద్దవాళ్ళెవరైనా “ఊఁ” అని ఊరుకుంటే నాకు భయం.

ఇదంతా మొన్న దోసె మాడాక గుర్తొచ్చింది. పెనం దించి కాకినాడకి ఫోను చేశాను. అత్తగారు ఇప్పుడు మా మరిది వాళ్ళతో ఉంటున్నారు. వినికిడి తగ్గింది, మాటకి మాత్రం ఏ లోటూ లేదు. ఆంటీ సంగతి మెల్లగా చెప్పాను. “అయ్యో” అన్నారు.

“అయితే నేనింక తప్పిపోవడానికి లేదన్నమాట” అన్నారు.

“అదేంటత్తయ్యా, వెతకడానికి నేను లేనూ?” అన్నాను.

“నువ్వా!” అన్నారావిడ. “నువ్వు సముద్రంలో వెతుకుతావు తల్లీ.”